యజమాని లేని స్వేచ్ఛ: రోమన్ రాజనీతి, రింగాస్కిడీ వివాదం

ఐర్లండ్ దక్షిణ తీరంలో, కార్క్ నగరానికి ఆగ్నేయంగా సుమారు పదిహేను కిలోమీటర్ల దూరంలో, విశాలమైన సహజ నౌకాశ్రయపు ఒడ్డున రింగాస్కిడీ అనే ఊరు ఉంది. ఊరు చిన్నదే కాని, దాని చుట్టూ ఉన్న ప్రపంచం పెద్దది. 1970ల నుంచి అక్కడ ఔషధ కర్మాగారాలు వరుసగా వెలిశాయి. ఫైజర్, జాన్సెన్ వంటి సంస్థల మూలద్రవ్యాలు అక్కడ తయారవుతాయి. ఫ్రాన్సులోని రోస్కాఫ్‌కు వెళ్ళే ఓడ అక్కడినుంచే బయలుదేరుతుంది. ఎదురుగా ఉన్న హాల్‌బౌలిన్ దీవి ఐరిష్ నౌకాదళానికి స్థావరం. దానికి అవతల స్పైక్ దీవి, పందొమ్మిదవ శతాబ్దంలో వేలాది ఖైదీలను బంధించిన కారాగారం. హైదరాబాదు ఔషధ పరిశ్రమతో పరిచయం ఉన్నవారికి రింగాస్కిడీ పేరు వినబడే ఉంటుంది.

ఈ ఊరి శివార్లలో, జాతీయ నౌకావిద్యా కళాశాల పక్కన, ఒక వ్యర్థ దహన కేంద్రాన్ని నిర్మించాలని బెల్జియం మూలాలు గల ఇండావర్ సంస్థ 2001లో ప్రతిపాదించింది. అప్పటినుంచి ఇరవై ఏళ్ళకు పైగా ఆ ప్రతిపాదన అనుమతులకూ నిరాకరణలకూ మధ్య, విచారణలకూ న్యాయస్థానాలకూ మధ్య తిరుగుతూ వచ్చింది. డయాక్సిన్లు, పొగగొట్టాలు, తీరపు కోత, రహదారుల రద్దీ వంటి అంశాలపై రెండు వైపులా నిపుణులు వాదించారు. ఆ శాస్త్రీయ ప్రశ్నలు ఈ వ్యాసపరిధిలోకి రావు. వాటి వెనుక మరింత పాత ప్రశ్న ఒకటి ఉంది. ఒక నిర్ణయం మంచిదా చెడ్డదా అని తేల్చడానికి ముందే, ఆ నిర్ణయం తీసుకొనే అధికారం ఎవరి అదుపులో ఉంది? ఆ అధికారానికి లోబడి బ్రతికేవారికి దాన్ని నిలదీసే మార్గం ఉన్నదా? రెండువేల సంవత్సరాల క్రితం రోమన్ చింతకులు స్వేచ్ఛ అన్న మాటకు అర్థాన్ని ఈ ప్రశ్నలోనే వెదికారు.

ప్రజల సొత్తు

ప్రజాస్వామ్యం అనగానే గుర్తుకు వచ్చేది ఏథెన్స్. పౌరులు సభలో కూడి నేరుగా నిర్ణయాలు తీసుకొన్న నగరం అది. కాని ఆధునిక రాజ్యాంగాలలో కనబడే ఎగువసభ, అధికార విభజన, వీటో, పరిమిత పదవీకాలం, అప్పీలు వంటి ఏర్పాట్లకు పూర్వరూపాలు ఎక్కువగా రోమ్‌లోనే దొరుకుతాయి. 'సెనేట్' అన్న పేరు కూడా అక్కడిదే. 'రిపబ్లిక్' అన్న మాట లాటిన్‌లోని 'రెస్ పుబ్లికా' నుంచి వచ్చింది. 'రెస్' అంటే వస్తువు, వ్యవహారం, సొత్తు. 'పుబ్లికా' అంటే ప్రజలకు చెందినది. తెలుగులో వాడుకలో ఉన్న 'గణతంత్రం' పాలించే సమూహాన్ని సూచిస్తుంది. 'రెస్ పుబ్లికా' మాత్రం పాలన అనే సొత్తు ఎవరిదో చెబుతుంది.

ఈ భావానికి శాస్త్రీయమైన రూపం ఇచ్చినవాడు సిసెరో. క్రీ.పూ. 54–51 మధ్యకాలంలో, రిపబ్లిక్ కళ్ళముందే కూలిపోతున్న రోజులలో, ఆయన రాజ్యం గురించి ఒక సంభాషణాగ్రంథం రాశాడు. ప్రజలంటే ఎలాగో ఒకచోట పోగైన జనం కాదనీ, న్యాయం విషయంలో ఒక అంగీకారానికి వచ్చి, ఉమ్మడి ప్రయోజనంలో భాగస్వాములైనవారనీ అందులో ప్రతిపాదించాడు. ఈ లెక్కన ఒక నియంత చేతిలో చిక్కిన రాజ్యమే కాదు, ఒక ముఠా చేతిలోనో, అదుపు లేని గుంపు చేతిలోనో పడిన రాజ్యం కూడా రెస్ పుబ్లికా అనిపించుకోదు. సంఖ్యాబలం ఒక్కటే చాలదన్న ఈ వాదం ఎన్నికల ప్రజాస్వామ్యాలకు నేటికీ చురుక్కుమనిపించేదే.

ఆ గ్రంథం చరిత్ర కూడా విచిత్రమైనది. చివరి భాగమైన 'స్కిపియో కల'ను మినహాయిస్తే దానిలో అధికభాగం శతాబ్దాలపాటు కనుమరుగైపోయింది. 1819లో వాటికన్ గ్రంథాలయంలో ఆంజెలో మాయి అనే పండితుడు దాన్ని కనుగొన్నాడు. ఎవరో పాత రాతను తుడిచివేసి, అదే చర్మపత్రాలపై కీర్తనలకు అగస్టీన్ రాసిన వ్యాఖ్యానాన్ని రాసుకొన్నారు. ఆ అక్షరాల అడుగున సిసెరో మసక మసకగా మిగిలి ఉన్నాడు. అమెరికా రాజ్యాంగకర్తలు రోమ్ నుంచి ఎంతో నేర్చుకొన్నా ఈ పుస్తకాన్ని పూర్తిగా చదివే అవకాశం వారికి లేకపోయింది. రోమ్ వారికి చేరింది పొలిబియస్, లివీ వంటి చరిత్రకారుల ద్వారానూ, సిసెరో ఇతర రచనల ద్వారానూ.

దయగల యజమాని

రోమన్ న్యాయశాస్త్రం మనుషులను మొదట రెండుగా విభజించింది: స్వతంత్రులు, బానిసలు. క్రీ.శ. 533లో జస్టీనియన్ చక్రవర్తి వెలువరింపజేసిన 'డైజెస్ట్' అనే న్యాయసంకలనంలోనూ ఈ విభజన కనిపిస్తుంది. బానిస ఎవరు? కొరడాదెబ్బలు తినేవాడా, గొలుసులతో కట్టబడినవాడా? న్యాయశాస్త్రం ఇచ్చిన జవాబు అది కాదు. మరొకరి అధికారానికి లోబడి ఉన్నవాడు బానిస. యజమాని మంచివాడు కావచ్చు, కడుపునిండా అన్నం పెట్టవచ్చు, ఎన్నడూ చేయిచేసుకోకపోవచ్చు. అయినా అతను బానిసే, ఎందుకంటే ఆ మంచితనం యజమాని ఇష్టం మీద ఆధారపడి ఉంది. రేపు ఆ ఇష్టం మారితే ఆపగలిగేది ఏదీ లేదు.

రాజకీయాలకు ఈ భావాన్ని అన్వయిస్తే ఒక కఠినమైన నిష్కర్ష వస్తుంది. ప్రజలకు న్యాయబుద్ధి గల ప్రభువు దొరకడం స్వేచ్ఛ కాదు. ప్రభువనేవాడే లేకపోవడం స్వేచ్ఛ. సిసెరో రచనలలో ఈ ధోరణి పదేపదే కనిపిస్తుంది.

పదిహేడవ శతాబ్దపు ఇంగ్లండులో థామస్ హాబ్స్ దీనికి విరుద్ధమైన నిర్వచనాన్ని నిలబెట్టాడు. దారిలో అడ్డంకి లేకపోతే చాలు, అదే స్వేచ్ఛ. ఆ తరువాతి ఉదారవాద సంప్రదాయంలో ఈ రెండవ అర్థమే పైచేయి సాధించింది. మరుగునపడిన మొదటి అర్థాన్ని మళ్ళీ వెలికితీసినవారిలో ముఖ్యులు ఇద్దరు. కేంబ్రిడ్జి చరిత్రకారుడు క్వెంటిన్ స్కిన్నర్ 1998లో ప్రచురించిన ఒక చిన్న పుస్తకంలో దాన్ని 'నవరోమన్' సిద్ధాంతమని పిలిచాడు. ఐర్లండ్‌లోని గాల్వే జిల్లాలో పుట్టిన తత్త్వవేత్త ఫిలిప్ పెటిట్, 1997లో వెలువడిన 'రిపబ్లికనిజం' అనే గ్రంథంలో దాని ఆధారంగా ఒక సమగ్ర రాజకీయ సిద్ధాంతాన్ని నిర్మించాడు. పెటిట్ దృష్టిలో స్వేచ్ఛ అంటే ఆధిపత్యం లేకపోవడం. ఒకరు మరొకరి వ్యవహారాలలో జోక్యం చేసుకొన్నారా లేదా అన్నది కాదు, ఇష్టానుసారం జోక్యం చేసుకోగల శక్తి వారికి ఉన్నదా అన్నదే ప్రశ్న.

ఉద్యోగరీత్యా పరదేశంలో నివసించేవారికి ఈ తేడాను వివరించడం కష్టం కాదు. వీసా ఒకే యజమానితో ముడిపడి ఉన్న ఉద్యోగికి మంచి జీతం ఉండవచ్చు, పైఅధికారి మర్యాదస్తుడు కావచ్చు. అయినా సమావేశంలో ఒక మాట అనబోయి ఆగిపోవడం, సెలవు అడగడానికి రెండుసార్లు ఆలోచించడం అలవాటవుతుంది. ఎవరూ అడ్డుపెట్టరు, అయినా మనిషి తనకు తానే అడ్డుపెట్టుకొంటాడు. దయగల యజమాని కింద బ్రతికే మనిషి ఎదుటివారి ముఖకవళికలను చదువుతూ బ్రతుకుతాడని రోమన్ రచయితలు గుర్తించినది ఈ స్థితినే. దీన్ని బానిసత్వంతో సమానం చేయడం అతిశయోక్తి. అయితే ఆధారపడి బ్రతకడం మనిషి గొంతును ఎలా తగ్గిస్తుందో అర్థం చేసుకోవడానికి ఈ ఉదాహరణ పనికివస్తుంది.

అడ్డుకొనే అధికారం

యజమాని లేని రాజ్యాన్ని ఎలా నిర్మించాలి? రోమన్లు దీనికి సిద్ధాంతంకంటె ముందు ఏర్పాట్లతో సమాధానం చెప్పారు. సంప్రదాయం ప్రకారం క్రీ.పూ. 509లో రాజులను వెళ్ళగొట్టిన తరువాత, రాజుకుండే అధికారాన్ని ఇద్దరు కాన్సల్‌ల మధ్య పంచారు. పదవీకాలం ఒక సంవత్సరమే, ఒకరి ఆజ్ఞను మరొకరు ఆపవచ్చు. అధికారి విధించిన మరణశిక్షపై పౌరుడు ప్రజలకు మొరపెట్టుకొనే 'ప్రొవొకాషియో' హక్కును రోమన్ స్వేచ్ఛకు కోటగోడగా భావించారు.

వీటన్నిటిలోకి అసాధారణమైనది ట్రిబ్యూన్ పదవి. క్రీ.పూ. 494లో, అప్పుల బాధలూ పాట్రీషియన్ కులీనుల అహంకారమూ భరించలేక ప్లీబియన్లు అనే సామాన్యపౌరులు నగరాన్ని విడిచి ఒక కొండమీదికి వెళ్ళిపోయారని చరిత్రకారులు రాశారు. వారు తిరిగివచ్చింది తమకంటూ ట్రిబ్యూన్లు ఉండాలన్న ఒప్పందంతో. ట్రిబ్యూన్‌కు సైన్యం లేదు, ఖజానా లేదు. అతని శక్తి అంతా 'వీటో' అన్న ఒక్క మాటలో ఉంది. 'నేను అడ్డుకొంటున్నాను' అని దాని అర్థం. అతని ఇంటి తలుపు రాత్రింబవళ్ళు తెరిచి ఉండాలన్నది ఆచారం, ఆపదలో ఉన్న పౌరుడు ఏ వేళనైనా రావచ్చు కనుక.

క్రీ.పూ. 167లో బందీగా రోమ్‌కు వచ్చిన గ్రీకు చరిత్రకారుడు పొలిబియస్ ఈ వ్యవస్థను గమనించి, రోమ్ బలానికి కారణం దాని మిశ్రమ రాజ్యాంగమేనని తేల్చాడు. కాన్సల్‌లలో రాచరికమూ, సెనేట్‌లో కులీనపాలనా, ప్రజాసభలలో ప్రజాస్వామ్యమూ ఉన్నాయి. ఒక్కొక్కటీ మిగతా రెండింటిని అదుపులో ఉంచుతుంది. ఈ విశ్లేషణ మాంటెస్క్యూకూ, 1787–88లో 'పబ్లియస్' అనే రోమన్ మారుపేరుతో అమెరికా రాజ్యాంగాన్ని సమర్థిస్తూ వ్యాసాలు రాసిన మాడిసన్, హామిల్టన్, జేలకూ దారి చూపింది.

పెటిట్ ఈ వారసత్వాన్ని నేటి భాషలోకి తెచ్చాడు. ప్రజాస్వామ్యంలో ప్రజలకు రెండు పాత్రలు ఉండాలంటాడు. ఎన్నికల ద్వారా చట్టాలకు పరోక్షంగా రచయితలు కావడం మొదటిది. వెలువడిన నిర్ణయాలను ప్రశ్నించి, సవరించి, అవసరమైతే కొట్టివేయించే సంపాదకులు కావడం రెండవది. ఓటు వేసిన రోజున ప్రజలు రచయితలు, మిగిలిన రోజులన్నీ సంపాదకులు. రెండవ పాత్ర లేకపోతే ఎన్నికైన ప్రభుత్వం కూడా దయగల యజమానిగానే మిగులుతుంది.

రింగాస్కిడీలో సంపాదకులు

ఆ సంపాదకత్వం ఆచరణలో ఎలా ఉంటుందో రింగాస్కిడీలో చూడవచ్చు. ఇండావర్ ప్రతిపాదన బయటికి రాగానే నౌకాశ్రయం చుట్టూ ఉన్న ఊళ్ళవారు 'చేజ్' అనే పేరుతో ఒక సంఘటనగా ఏర్పడ్డారు. సురక్షితమైన పర్యావరణం కోసం కార్క్ నౌకాశ్రయ కూటమి అని ఆ పేరుకు అర్థం. కార్క్ కౌంటీ కౌన్సిల్ 2003లో అనుమతిని నిరాకరించింది. సంస్థ జాతీయస్థాయి ప్రణాళికా బోర్డుకు అప్పీలు చేసింది. 'అన్ బోర్డ్ ప్లానాలా' అన్నది దాని ఐరిష్ పేరు. మౌఖిక విచారణ జరిపిన ఇన్‌స్పెక్టరు పద్నాలుగు కారణాలు చూపి నిరాకరించాలని సిఫారసు చేశాడు. బోర్డు ఆ సిఫారసును తోసిపుచ్చి 2004 జనవరిలో అనుమతి ఇచ్చింది.

ఆ అనుమతితో నిర్మాణం జరగలేదు. 2008లో రెండవ దరఖాస్తు వచ్చింది, దాన్ని బోర్డు 2011లో నిరాకరించింది. 2016లో మూడవ దరఖాస్తు, ఏడాదికి 2,40,000 టన్నుల వ్యర్థాలను దహించే సామర్థ్యంతో. మళ్ళీ రోజుల తరబడి విచారణ జరిగింది, స్థానికులు మళ్ళీ సాక్ష్యాలు సమర్పించారు. ఇన్‌స్పెక్టరు మళ్ళీ నిరాకరించాలనే సిఫారసు చేశాడు. 2018 మే నెలలో బోర్డు మళ్ళీ ఆ సిఫారసును కాదని అనుమతి ఇచ్చింది.

ఇన్‌స్పెక్టరు సిఫారసును అంగీకరించి తీరాలన్న నిర్బంధం బోర్డుకు చట్టంలో లేదు. దేశ వ్యర్థాల విధానాన్ని దృష్టిలో ఉంచుకొని నిర్ణయించవలసిన బాధ్యత తనదేనని బోర్డు అనవచ్చు. ఆ వాదంలో బలం ఉంది కూడా. వ్యర్థాలను ఎక్కడో ఒకచోట పారవేయక తప్పదు. మీథ్ జిల్లాలో 2011 నుంచి, డబ్లిన్‌లోని పూల్‌బెగ్‌లో 2017 నుంచి దహన కేంద్రాలు పనిచేస్తున్నాయి. 'మా ఊళ్ళో వద్దు' అన్నది ఒక్కటే వాదమైతే, అది భారాన్ని మరో ఊరి నెత్తిన పెట్టడమే. సిసెరో చెప్పిన ఉమ్మడి ప్రయోజనంలో భాగస్వామ్యం ఇటువంటి చోటనే పరీక్షకు నిలుస్తుంది.

కాని నౌకాశ్రయవాసుల అభ్యంతరం అంతటితో ఆగలేదు. విన్నవాడు ఒకమాట చెప్పగా, వినని సభ మరొకమాట తేల్చింది. అలా తేల్చినవారు ఎవరు, వారు ఏ సంబంధాలూ లేని తటస్థులేనా అన్నది వారు లేవనెత్తిన ప్రశ్న. చేజ్ హైకోర్టులో న్యాయసమీక్ష కోరింది.

తన వ్యాజ్యంలో తానే న్యాయమూర్తి

2021 మార్చిలో హైకోర్టు తీర్పు వెలువడింది. నిర్ణయంలో పాల్గొన్న బోర్డు సభ్యులలో ఒకరు, చాలా ఏళ్ళ క్రితం ఒక సలహాసంస్థలో ఉద్యోగిగా, ఇండావర్ తరఫున సమర్పించిన పత్రాలకు సంబంధించిన పనిలో పాలుపంచుకొన్నారు. ఆ సభ్యునికి నిజంగా పక్షపాతం ఉన్నదని కోర్టు అనలేదు. సంగతులన్నీ తెలిసిన ఒక సహేతుకుడైన పరిశీలకుడికి పక్షపాతం ఉండవచ్చన్న అనుమానం కలుగుతుందా అన్నదే కొలమానం. కలుగుతుందని కోర్టు నిర్ణయించింది. మరో చట్టపరమైన అంశంలో కూడా చేజ్ వాదన నెగ్గింది.

ఈ కొలమానంలోనే రోమన్ స్వేచ్ఛాభావన ప్రాణం ఉంది. నిర్ణేత మంచివాడే కావచ్చు, అతని నిర్ణయం సరైనదే కావచ్చు. అయినా ఆ మంచితనంపై ప్రజలు ఆధారపడవలసి రాకూడదు. తన వ్యాజ్యంలో తాను ఎవరూ న్యాయమూర్తి కారాదన్న ఆదేశం క్రీ.శ. 376 నాటి ఒక సామ్రాజ్యశాసనంలో కనిపిస్తుంది. జస్టీనియన్ న్యాయస్మృతిలో అది స్థిరపడింది. పదిహేడవ శతాబ్దపు ఆరంభంలో ఇంగ్లండు న్యాయమూర్తి ఎడ్వర్డ్ కోక్ ఈ భావాన్ని ఆంగ్ల న్యాయంలోకి ప్రవేశపెట్టాడు. అక్కడినుంచి అది ఐర్లండ్‌కూ భారతదేశానికీ 'సహజ న్యాయసూత్రం'గా చేరింది.

ఈ సూత్రానికి తెలుగునేలపై ఒక ప్రసిద్ధమైన ఉదాహరణ ఉంది. 1958లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ కృష్ణా జిల్లా బస్సు మార్గాలను జాతీయం చేసే పథకాన్ని ప్రకటించింది. ప్రైవేటు బస్సుల యజమానులు అభ్యంతరం చెప్పారు. ఆ అభ్యంతరాలను విన్నది రవాణా వ్యవహారాలు చూసే ప్రభుత్వ కార్యదర్శి, పథకాన్ని ఆమోదించింది ముఖ్యమంత్రి. గుళ్ళపల్లి నాగేశ్వరరావు పేరుతో నడిచిన ఆ వ్యాజ్యం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. రాజమహేంద్రవరానికి చెందిన న్యాయమూర్తి కోకా సుబ్బారావు అధికసంఖ్యాకుల తీర్పు రాశారు. అందులో రెండు లోపాలు ఎత్తిచూపారు. పథకంతో సంబంధం ఉన్న శాఖకు చెందిన కార్యదర్శే అభ్యంతరాలను వినడం ఆ శాఖ తన వ్యాజ్యంలో తానే న్యాయమూర్తి కావడంతో సమానం. ఇక విన్నవాడు ఒకరు, తేల్చినవాడు మరొకరు అయితే వినడానికి అర్థమే లేదు. ఆ తరువాత ముఖ్యమంత్రి స్వయంగా అభ్యంతరాలు విని పథకాన్ని ఆమోదించారు. బస్సు యజమానులు మళ్ళీ కోర్టుకు వెళ్ళినా 1959లో ఆ ఆమోదం నిలిచింది.

రింగాస్కిడీ, కృష్ణా జిల్లా కథలు రెండింటిలోనూ వినేవాడు వేరు, తేల్చేవాడు వేరు. ఐరిష్ చట్టం ఆ విభజనను అనుమతిస్తుంది, సుబ్బారావు తీర్పు దాన్ని తప్పుపట్టింది. ఈ రెండు పద్ధతులలో ఏది మేలన్నది వాదించుకోదగిన విషయం. తటస్థత విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకే మాట. కృష్ణా జిల్లా కథలో గమనించదగిన మరో సంగతి, బస్సులు చివరకు జాతీయమయ్యాయి. సక్రమంగా విని తేల్చమని కోర్టు కోరింది, పథకాన్ని మానుకోమని కాదు. సంపాదకుని పని రచయిత చేతిలోనుంచి కలం లాక్కోవడం కాదు.

అందరికీ తగిలేది

జస్టీనియన్ స్మృతిలో మరో చిన్న నిబంధన ఉంది. క్రీ.శ. 531 నాటిది. ఒక మైనరుకు పలువురు సంరక్షకులు ఉన్నప్పుడు, ఆ ఉమ్మడి సంరక్షణను రద్దు చేయాలంటే అందరి సమ్మతీ కావాలన్నది అక్కడి సందర్భం. అందరికీ తగిలే విషయాన్ని అందరూ ఆమోదించాలన్నది దాని సారం. ఇంత పరిమితమైన కుటుంబ న్యాయసూత్రం మధ్యయుగాలలో చర్చి పాలనలోకీ, అక్కడినుంచి రాజ్యపాలనలోకీ ప్రవేశించింది. 1295లో ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డు పార్లమెంటుకు పిలుపునిస్తూ ఈ సూత్రాన్నే పేర్కొన్నాడు. రాజుకు పన్నులు కావాలి, పన్నులు తగిలేది ప్రజలకు, కాబట్టి వారి ప్రతినిధులు రావాలి.

డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో 1998లో కుదిరిన అంతర్జాతీయ ఒడంబడికలో ఈ సూత్రం పర్యావరణ రంగంలోకి అడుగుపెట్టిందని చెప్పవచ్చు. సమాచారం పొందే హక్కు, నిర్ణయంలో పాల్గొనే హక్కు, న్యాయస్థానాన్ని ఆశ్రయించే హక్కు అన్నవి దాని మూడు స్తంభాలు. ఐర్లండ్ 2012లో దాన్ని ధ్రువీకరించింది. భారతదేశం అందులో భాగస్వామి కాదు. అయితే 1994 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నిబంధనలకు 1997లో చేసిన సవరణతో ప్రజాభిప్రాయ సేకరణ అక్కడ తప్పనిసరి అయింది. తెలుగు జిల్లాలలో విద్యుత్ కేంద్రాలకో, సిమెంటు కర్మాగారాలకో పందిళ్ళ కింద జరిగే ఆ సభల పేరు వినని ఊరు తక్కువ. ఆ సభలో చెప్పిన మాట నిర్ణయాన్ని కదిలించగలదా, లేక నమోదై అటకెక్కుతుందా అన్నదే అసలు పరీక్ష. మాట్లాడనివ్వడం వేరు, ఆ మాటకు జవాబుదారీ కావడం వేరు. దయగల యజమాని కూడా బానిస మాటను ఓపికగా వింటాడు.

వీటో ధర

ఇంతవరకు చెప్పినదానికి బలమైన ప్రతివాదం ఒకటి ఉంది. ప్రతివాడూ అడ్డుకొనగలిగితే ఏ పనీ సాగదు. ఈ ప్రమాదం రోమన్లకు అనుభవంలోకి వచ్చింది. క్రీ.పూ. 133లో టైబీరియస్ గ్రాకస్ అనే ట్రిబ్యూన్ పేదరైతులకు భూమి పంచే చట్టాన్ని ప్రతిపాదించాడు. మరో ట్రిబ్యూన్ మార్కస్ ఆక్టేవియస్ వీటో ప్రయోగించాడు. సామాన్యుల రక్షణకోసం పుట్టిన ఆయుధం భూస్వాముల ప్రయోజనానికి పనికివచ్చింది. గ్రాకస్ ప్రజాసభ చేత ఆక్టేవియస్‌ను పదవినుంచి తొలగింపజేసి చట్టాన్ని నెగ్గించుకొన్నాడు. ఆ సంవత్సరమే సెనేటర్ల మూక అతన్ని కొట్టి చంపింది. అర్ధశతాబ్దం గడిచాక నియంత సుల్లా, వ్యవస్థను చక్కదిద్దే పేరుతో ట్రిబ్యూన్ల అధికారాలను కత్తిరించాడు. క్రీ.పూ. 70లో వాటిని పునరుద్ధరించారు. ఈ మార్పులేవీ రిపబ్లిక్‌ను నిలబెట్టలేకపోయాయి.

ఐర్లండ్‌లో నేడు నడుస్తున్న చర్చ దీనికి దూరపు చుట్టం. ఇళ్ళ కొరత తీవ్రంగా ఉన్న దేశంలో న్యాయసమీక్షల వల్ల నిర్మాణాలు ఏళ్ళ తరబడి ఆగిపోతున్నాయన్న ఫిర్యాదు బలపడింది. 2024 నాటి ప్రణాళికాభివృద్ధి చట్టం న్యాయసమీక్షను ఎవరు, ఎలా కోరవచ్చు, ఖర్చుల సంగతేమిటి అన్న నియమాలను మార్చింది. 2025 జూన్‌లో పాత బోర్డు స్థానంలో ప్రణాళికా కమిషన్ వచ్చింది. ఈ సంస్కరణలో అవసరమూ ఉంది, ప్రమాదమూ ఉంది. ఇల్లు దొరకక అద్దెలు కట్టలేక సతమతమయ్యే యువకుడు కూడా ఒక రకమైన ఆధారపడటంలోనే బ్రతుకుతున్నాడు. అతనికి ఇంటి యజమానే ప్రభువు. అతని స్వేచ్ఛకోసం పొరుగువారి ప్రశ్నించే హక్కును ఎంతవరకు కుదించవచ్చు?

రోమన్ అనుభవం దీనికి సూటియైన జవాబు ఇవ్వదు కాని, వెదకవలసిన చోటు చూపుతుంది. అడ్డుకొనడం వేరు, నిలదీయడం వేరు. ట్రిబ్యూన్ వీటోకు కారణం చెప్పనక్కరలేదు. అతని ఇష్టమే చాలు. అందువల్ల అది కూడా ఒక ఏకపక్ష అధికారంగా మారగలిగింది. న్యాయసమీక్షలో పిటిషనరు కారణం చూపాలి, కోర్టు కారణం రాయాలి. ఆలస్యం తగ్గించవలసివస్తే కోర్టులకు తగినంతమంది న్యాయమూర్తులనూ, తీర్పులకు గడువులనూ ఏర్పాటు చేయవచ్చు. తలుపు మూసివేయడం తేలికగా కనబడే మార్గమే కాని, ఒకసారి మూసిన తలుపు ఎవరికోసం మూశారో వారికే పరిమితం కాదు.

రోమ్ నుంచి తీసుకోకూడనిది

రోమన్ స్వేచ్ఛకు ఆరాధకులు మరచిపోయే సంగతి ఒకటి ఉంది. స్వేచ్ఛను బానిసత్వానికి వ్యతిరేకపదంగా అంత స్పష్టంగా నిర్వచించగలగడానికి కారణం, ఆ సమాజం నిండా నిజమైన బానిసలు ఉండడమే. స్త్రీలకు ఓటు లేదు. సెంచూరియాటా సభలో ఓట్లు 193 సమూహాలుగా లెక్కించేవారు. ధనికుల సమూహాలలో మనుషులు తక్కువ, పేదలందరినీ కలిపి ఒకే సమూహంలో కుక్కారు. సంపన్నుల మాట ముందు తేలిపోతే పేదల వంతు రాకుండానే ఫలితం ఖాయమయ్యేది.

అంబేద్కర్ ఈ లోపాన్ని మరో కోణంనుంచి చూశారు. 1936లో వెలువడిన 'కులనిర్మూలన'లో, ప్లీబియన్లు తమ వర్గంనుంచి కాన్సల్‌ను ఎన్నుకొనే హక్కు సాధించినా, ఆ ఎన్నికకు దైవసమ్మతి కావాలన్న మతవిశ్వాసం ఆ హక్కును ఎలా నిర్వీర్యం చేసిందో ఆయన వివరించారు. మతమూ సామాజిక హోదా అధికారానికి మూలాలుగా మిగిలినంతకాలం రాజకీయ హక్కు ఒక్కటే మనిషిని విముక్తుణ్ణి చేయదన్నది ఆయన వాదం. ఆధిపత్యం ప్రభుత్వంలో మాత్రమే ఉండదు. అది ఊరి బావి దగ్గరా, పొలం గట్టు మీదా, కార్యాలయంలోనూ ఉంటుంది. రోమన్ సిద్ధాంతాన్ని దాని మాటకే కట్టుబడేలా చేస్తే, బానిసలనూ స్త్రీలనూ వదిలివేసిన రోమ్ తన పరీక్షలో తానే తప్పుతుంది.

రోమన్లకు మరో వింత హోదా ఉండేది: ఓటు లేని పౌరసత్వం. క్రీ.పూ. 338 తరువాత కొన్ని ఇటాలియన్ పట్టణాలకు దాన్ని ఇచ్చారు. అక్కడివారు రోమ్‌కు సైనికసేవ చేయాలి, కాని రోమ్‌లో ఓటు వేయరాదు. పన్నులు కడుతూ, పిల్లలను బడులకు పంపుతూ, ఎన్నికల రోజున మాత్రం ప్రేక్షకులుగా మిగిలే నేటి వలస ఉద్యోగులకు ఈ హోదా అపరిచితం కాదు.

ఐర్లండ్ ఇక్కడ ఒక మెట్టు ముందుంది. అక్కడ స్థానిక ఎన్నికలలో ఓటు వేయడానికి పౌరసత్వం అక్కరలేదు. పద్దెనిమిదేళ్ళు నిండి, అక్కడ నివాసముంటూ, జాబితాలో పేరు నమోదు చేసుకొంటే చాలు. పోటీ కూడా చేయవచ్చు. రింగాస్కిడీ కర్మాగారంలో పనిచేసే తెలుగు ఇంజనీరు కార్క్ కౌంటీ కౌన్సిల్‌కు సభ్యులను ఎన్నుకోగలడు. 2003లో మొదటి నిరాకరణ పలికింది ఆ కౌన్సిలే. ప్రణాళికా దరఖాస్తుపై నిర్ణీత రుసుము చెల్లించి అభిప్రాయం దాఖలు చేయడానికి కూడా పౌరసత్వం అవసరం లేదు. పార్లమెంటు విషయంలో అతను ఓటు లేని నివాసియే, కాని సంపాదకత్వంలో అతనికి చోటు ఉంది. అందరికీ తగిలే గాలి అతనికీ తగులుతుంది కనుక అది న్యాయమే.

ఐర్లండ్, భారత్ రెండూ ఒకే సామ్రాజ్యంనుంచి విముక్తమైన దేశాలు. భారత రాజ్యాంగంలోని ఆదేశసూత్రాల నమూనా 1937 నాటి ఐరిష్ రాజ్యాంగంనుంచి వచ్చింది. పరాయి ప్రభువు వెళ్ళిపోవడంతో గణతంత్రం పూర్తయిందని భావించే ప్రలోభం రెండుచోట్లా ఉంది. రోమన్ కొలమానం ప్రకారం అది ఆరంభం మాత్రమే. స్వదేశీ ప్రభుత్వమూ, మంచి ఉద్దేశం గల బోర్డూ, అభివృద్ధి తెచ్చే సంస్థా తమ నిర్ణయాలకు కారణం చెప్పవలసివచ్చినప్పుడే రాజ్యం ప్రజల సొత్తు అవుతుంది. రింగాస్కిడీ నౌకాశ్రయవాసులు సరైనవారా, ఇండావర్ సరైనదా అన్నదానిపై భిన్నాభిప్రాయాలు ఉండవచ్చు. ఒక చిన్న ఊరివారు అడిగినప్పుడు ఒక జాతీయ సంస్థ జవాబు చెప్పుకోవలసివచ్చిందన్న విషయంలో మాత్రం రెండో మాట లేదు.